వంటింటి గోడ

మాట పడిపోయాక మా అత్తకి మిగిలినవి ఎడమ చెయ్యీ, కోపమూ. ఆ రెండింటితో ఆవిడ గోడ కొట్టేది. కొట్టడానికి చెక్క గరిటె ఇచ్చింది నేనే. రెండు దెబ్బలంటే నీళ్ళు, మూడంటే బాత్‌రూమ్, ఆపకుండా కొడితే ఎక్కడ చచ్చావే అని. ఆవిడ మంచం పక్క గోడకి అవతల నా వంటిల్లు. మలేషియాలో, ఇపో ఊళ్ళో మాది పాత చెక్క ఇల్లు. గోడంటే ఇటు పలకలు, అటు పలకలు, మధ్యన బెత్తెడు ఖాళీ. ఆ ఖాళీ వల్ల చిన్న దెబ్బ కూడా నా పొయ్యి దగ్గర డప్పులా మోగేది.

పక్షవాతం రాకముందు ఆవిడ నోటికి మా వీధంతా జడిసేది. మా పుట్టింట్లో అరవమే ఎక్కువ. పెళ్ళయిన మర్నాడే, "ఏటే, తెలుగోళ్ళ పిల్లవి, నీకు తెలుగు రాదేటి?" అని నలుగురిలో అడిగేసింది. ఇవాళ నాకున్న తెలుగు చాలావరకు ఆవిడ తిట్లలోంచి ఏరుకున్నదే. అలాంటి మనిషి నోరు మూతపడితే జాలి వేసింది, నిజమే. మూడేళ్ళపాటు రోజుకి ముప్పైసార్లు గోడ మోగితే ఆ జాలి కూడా అరిగిపోతుంది. పోపు మాడుతుంటే కొట్టేది. నేను అన్నం ముందు కూర్చోగానే కొట్టేది. "వస్తన్నాను అత్తా, నాకున్నవి రెండు కాళ్ళే!" అని ఇటునుంచి అరిచేదాన్ని.

ఆ గదికి పడమటి ఎండ. పైన రేకు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఇడ్లీ కుండలా ఉడికిపోయేది. చెమటకి ఆవిడ వీపంతా పుండ్లు పడ్డాయి. ఎయిర్‌కాన్ పెడితే చచ్చుబడిన కాలు బిగుసుకుపోయి మూలిగేది. గది చల్లబడకపోతే పుండ్లు మానవని డాక్టరమ్మ చెప్పేసింది. మా ఆయనకి ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారట, గోడకి కన్నాలు పెట్టి లోపలికి కాగితపు పొట్టు ఊదితే ఎండ వేడి ఇవతలికి రాదని.

"గోడ కడుపులో కాగితాలు కుక్కడమేటి, ఎవరైనా నవ్వుతారు" అన్నాను.

"నవ్వితే నవ్వనీ లా." ఇక్కడ మాకందరికీ మాట చివర లా అనడం అలవాటు. "అమ్మ వీపు సూడలేకపోతన్నాను" అన్నాడు. సరే, పిలిపించమన్నాను.

పని చేయించే చీనా ఆయన ఇద్దరు మనుషులతో వచ్చాడు. అలాంటి యజమానులని మేం తౌకే అంటాం. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. అత్తని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టాను. పలకలకి వరసగా గుండ్రటి కన్నాలు తొలిచి, లావుపాటి గొట్టం దూర్చి, మిషన్ వేశారు. పాత న్యూస్‌పేపర్లని పొట్టు చేసి చెద పట్టకుండా మందు కలిపారట, బూడిదరంగు దూదిలా ఉంది. నిండిన కన్నానికల్లా చెక్క బిరడా కొట్టి పైన రంగు వేశారు. అత్త కళ్ళార్పకుండా చూసింది. మాట ఉండుంటే ఆ పనివాళ్ళు బతికేవాళ్ళు కాదు.

బయటి గోడలయ్యాక ఇంకా సరుకు మిగిలింది. వంటింటి గోడ కూడా నింపెయ్యనా అని తౌకే మలాయి భాషలో అడిగాడు. పొయ్యి వేడి కూడా తగ్గుతుందన్నాడు. తర్వాత ఆగి, ఈ పొట్టు కరావోకే గదుల గోడల్లోనూ వేస్తాం, చప్పుడు అటుదిటు రాదు, పర్వాలేదా అన్నాడు.

చప్పుడు రాదు. ఆ మాట నాకు సరిగ్గానే అర్థమైంది. హాల్లో అత్త వైపు చూశాను. గరిటె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"బాగూస్ లా" అన్నాను. మంచిదే కదా, కానియ్యమని. నవ్వాను కూడా.

గది నిజంగానే చల్లబడింది. రెండు వారాలకి పుండ్లు ఎండాయి. మా ఆయన రోజూ గోడ మీద చెయ్యి పెట్టి చూసి మురిసిపోయేవాడు. చల్లదనం పోకూడదని నేను తలుపు వేసి ఉంచేదాన్ని. నొక్కితే వంటింట్లో మోగే బెల్లు ఒకటి తెచ్చి మంచం మీద పెట్టాను. అత్త దాన్ని పక్కకి తోసేసి గరిటే పట్టుకుంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తోసేసింది. ఖర్మ, నీ ఇష్టం అనుకున్నాను. పొయ్యి వెలిగించకుండా, ఫ్యాన్ వెయ్యకుండా చెవి పెట్టి వింటే దెబ్బ లీలగా తెలిసేది. వంట చేస్తూ ఎవరు వింటారు?

ఆ మధ్యాహ్నం మిక్సీలో కొబ్బరి పచ్చడి వేస్తున్నాను. రేడియోలో అరవ పాటలు. వేడివేడిగా అన్నం తిన్నాను, ఎవరూ లేపలేదు. ఎన్నాళ్ళకి ప్రాణం హాయిగా ఉందనుకున్నాను. అత్త చల్లగా నిద్రపోతోందనుకున్నాను. గంజి పట్టుకుని తలుపు తీస్తే నేల మీద ఉంది. చీర తడిసిపోయి ఉంది. తుంటి విరిగింది. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. తనంతట తను బాత్‌రూమ్‌కి పోదామని లేచింది. అంతకుముందు నన్ను పిలిచింది. కొత్త రంగు మీద గరిటె అంచు తగిలిన చోటల్లా పెచ్చు లేచిపోయింది. మూడు దెబ్బలు కావు. అరచేతి మేర రంగే లేదు.

ఆస్పత్రిలో రెండోరోజు పక్కనే స్టూలు మీద కూర్చున్నాను, ఆవిడ చెయ్యి నా మోకాలికి తగిలేంత దగ్గర. అత్త వేళ్ళు ముడిచి మంచం ఇనపకడ్డీ మీద కొట్టింది. రెండు దెబ్బలు. వార్డంతా ఖంగుమంది. నా మొహంలోకి చూసింది. నీళ్ళు పట్టాను. తాగలేదు. మళ్ళీ కొట్టింది, మళ్ళీ చూసింది.

"ఇనబడింది అత్తా" అన్నాను. "ఇనబడింది. ఇక్కడే ఉన్నాను."

నమ్మలేదు. వేళ్ళు కమిలిపోయేదాకా కొడుతూనే ఉంది. నేను చెప్తూనే ఉన్నాను. వారం తిరగకుండా పోయింది.

పదకొండో రోజున బంధువులు వచ్చారు. ఉక్కబోత భరించలేక ఒక్కొక్కరూ ఆ గదిలోకి చేరారు. "అబ్బ, ఎంత సల్లగున్నాది!" అన్నారు. మా ఆయన గోడ తడిమి చూపిస్తూ, "పోయేముందు అమ్మకి సుఖం దక్కింది. ఇదంతా దగ్గరుండి సేయించింది నా పెళ్ళామే" అని చెప్పాడు. ఓ పెద్దావిడ నా తల నిమిరి, ఇలాంటి కోడలు ఎవరికి దొరుకుతాదని ఏడ్చింది.

తౌకే ఏమడిగాడో మా ఆయనకి ఇప్పటికీ తెలియదు. ఆ పూట నేను అందరికీ కాఫీ ఇచ్చి, గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. ఆ గదిలో అంతమంది మాట్లాడుకుంటున్నారా, నాకు ఒక్క ముక్క వినబడలేదు.