అంగుళం తక్కువ చేతులు

లవెల్ ఆడిన కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు నాలుగేళ్ళలో ఓడింది ఆరే ఆరు ఆటలు. చివరి ఏడాది దేశంలోకెల్లా మొదటి జట్టు. నేల మీదికి వంగి, కోడిగుడ్డులాంటి బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించి, మీద పడే కొండల్లాంటి మనుషుల్ని ఆపే పని అతనిది. అయినా జీతమిచ్చి ఆడించే పెద్ద జట్ల వాళ్ళు టేపు పెట్టి అతని చేతులు కొలిచారు. ఆ పనికి అంగుళం తక్కువని రాసుకుని వెళ్ళిపోయారు.

పెద్ద జట్లు కాలేజీ కుర్రాళ్ళని ఏరుకునే ఎంపికలో ఈ శనివారం ఆఖరి రోజు. లూసియానా ఎండలో, పెరట్లో గంగాళమంత గిన్నెలో క్రాఫిష్ అనే మంచినీటి రొయ్యలు ఉడుకుతున్నాయి. తల్లి ఓజలీన్ గుమ్మంలో బేసిన్ పట్టుకుని నిలబడి, వచ్చినవాళ్ళ ఫోన్లన్నీ అందులో వేయించుకుంది. ఏరుకున్న జట్టు నుంచి పిలుపు వచ్చే వేళకి ఎవరో ఒకరు అభినందనలంటూ లవెల్‌కి ఫోన్ చేసి అడ్డం పడతారని ఆమె భయం.

"నా ఫోనేం చేసిందే ఓజలీన్?" అన్నాడు ఆమె అన్న ఆల్సీడ్.

"ఫోనేం చేయలేదు, నీ నోరే! వెయ్యి ఇందులో."

టీవీలో పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. లవెల్ పెరటి వెనక కాలవ గట్టుకి ఆనుకుని కళ్ళు మూశాడు. ఆవిరి, మిరియాల ఘాటు, కాలవ మీది గాలి అన్నీ కలిసి ఎక్కడికో తీసుకుపోతున్నాయి. లక్షమంది అరుపులు నీళ్ళ అడుగు నుంచి వినిపిస్తున్నట్టున్నాయి. అరచేతిలో బంతి తోలు గరుకు. అంత గెలుపూ ఈ వేళ ఎవరికి గుర్తుంటుంది? ఆటలు గెలిచింది జట్టు. కొలిచింది మాత్రం తనొక్కడి చేతుల్నే.

ఆఖరిదైన ఏడో విడత, ఇంకా నాలుగు పేర్లు. లవెల్ జేబులో ఫోను మోగింది. పెరడంతా అతని వైపు తిరిగింది.

"ఒరేయ్ లవెల్, ఇంకా పిలవలేదా?" హ్యూస్టన్ నుంచి వెర్డెల్ పిన్ని గొంతు.

"పెట్టెయ్ పిన్నీ!"

"దాని ఫోను బేసిన్‌లో వేయడం మర్చిపోయానే!" ఓజలీన్ నెత్తి కొట్టుకుంది.

ఆఖరి పేరూ చదివేశారు. అతనిది కాదు. ఆల్సీడ్ ఊరికే గిన్నె మూత తీసి మళ్ళీ పెట్టాడు.

అయిదు నిమిషాలకి ఫోను మళ్ళీ మోగింది. తెలియని నంబరు. ఉత్తరాన ఎక్కడో ఒక జట్టు శిక్షకుడట. ఎంపిక కాని కుర్రాళ్ళని ఇప్పుడు ఎవరైనా పిలుచుకోవచ్చు.

"చోటిస్తానని మాటివ్వలేను బాబూ. వేసవి శిబిరానికి రా. నిలబడితే ఉంటావు, లేకపోతే ఇంటికే."

లవెల్ ఫోను చెవికి నొక్కుకున్నాడు. "నా చేతులు కొలిచారా సార్?"

"నీ ఆటలు పద్నాలుగు చూశాను. ఆ అంగుళం సంగతి పట్టించుకోవడానికి ఖాళీ దొరకలేదు. వస్తావా, రావా?"

"వస్తాను సార్."

అతను తల ఎత్తేసరికి తల్లి బేసిన్ అందరి ముందూ పెట్టేసింది. "తీసుకోండమ్మా, ఎవరిది వాళ్ళు తీసుకోండి! ముందు వెర్డెల్‌కి చెప్పండి."

ఆల్సీడ్ ఎర్రగా పొగలు కక్కే క్రాఫిష్ పళ్ళెం మేనల్లుడి ముందుకి తోశాడు. "అందుతుందా, దగ్గరికి జరపనా?"

లవెల్ నవ్వుతూ చేయి చాచాడు.