గంజి తాగిన మిషన్

అన్నం ముద్ద చూస్తేనే దవడలు బిగించుకునే నా కొడుకు గిరి ఆ సాయంత్రం తనంతట తానే నోరు తెరిచి, "పెట్టమ్మా, బిరీన పెట్టు" అన్నాడు. సరిగ్గా అప్పుడే నాకు ఏదో ప్రమాదం ఉందనిపించింది. వాడి చూపు నా మీద లేదు. నా వీపు వెనక, స్నానాల గది వైపు ఉంది. అటు నుంచి దడదడమని ఒక చప్పుడు దగ్గరికొస్తోంది.

తర్వాత జరిగింది చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. మా వాళ్ళంతా నవ్వేశారు, ఇక మిగిలింది మీరే.

రెండేళ్ళ కిందటి మాట. తిరుపతిలో కార్తీకం వానలు పట్టుకుంటే బట్టలు ఆరవు. గిరికి తడి బట్ట తగిలితే జలుబు, జలుబు చేస్తే దగ్గు, వాడు దగ్గితే నాకు జాగారం. కుంపటి మీద బుట్ట బోర్లించి వాడి చొక్కాలు ఆరబెట్టేదాన్ని. వాడు బడికి వెళ్తే ఆ పొగ వాసనకు పిల్లవాడు వచ్చినట్టుండేది కాదు, కాల్చిన వంకాయ వచ్చినట్టుండేది. చూడలేక మా ఆయన మద్రాసు నుంచి ఒక మిషన్ తెప్పించారు. అది ఉతకదు. ఉతికిన బట్టలను గిరగిరా తిప్పి నీళ్ళు వదలగొడుతుంది, అంతే. పొట్టిగా, తెల్లగా, సున్నం కొట్టిన డ్రమ్ములా ఉండేది. స్నానాల గదిలో ప్లగ్గు లేదు కాబట్టి హాల్లోంచి పొడుగాటి వైరు లాగారు.

ఇక నా భయాలు మొదలయ్యాయి. పిల్లలు దాంట్లో చెయ్యి పెడితే? తల పెడితే? అందుకని, "దాని దగ్గరికి పోతే పట్టుకుంటుంది" అని చెప్పాను. మాట పనిచేసింది. పనిచేసిన మందును ఒక్క రోగానికే వాడి ఊరుకునే తల్లి ఉంటుందా? అన్నం తినకపోతే మిషన్ వస్తుంది. నిద్రపోకపోతే వస్తుంది. అక్కను గిల్లితే తప్పకుండా వస్తుంది. మా ఇంట్లో బూచోడి ఉద్యోగం ఊడింది. ఆ పని కూడా మిషనే చూసుకునేది.

ఆ రోజు పాకాల నుంచి మా నాయన వచ్చాడు. మరునాడు పొద్దున్నే కొండ మీద మా చిన్నాయన కూతురి పెళ్ళి. చిన్నాయన లేడు, పోయి ఏడాది దాటింది. అందుకని కన్యాదానం మా నాయన చేయాలి. అందుకోసం సంచిలో ఒక పంచె తెచ్చుకున్నాడు. చిన్నాయన బతికున్నప్పుడు నగరిలో ప్రత్యేకంగా నేయించి అన్నకు ఇచ్చిన పంచె అది. బస్సు దిగేటప్పుడు సంచి జారి బురదలో పడింది.

"వాడిచ్చిన పంచె కట్టుకోని వాడి బిడ్డను దానం చేస్తే, వాడు గూడా పక్కన నిలబడినట్టుంటాదనుకున్నా" అన్నాడు నాయన, బురద పంచెను ఒళ్ళో పెట్టుకుని. "ఇప్పుడు ఉతికితే యాడ ఆరుతాదిమే? బయట సూడు, ఆకాశానికి బొక్క పడినట్టుండాది."

"నాయనా, నీ కూతురు ఫిజిక్సు చదివింది."

"సదివితే? ఎండ పుట్టిస్తావా?"

"ఎండతో పనేముంది? అపకేంద్ర బలం అని ఒకటుంది. గుండ్రంగా తిప్పితే నీళ్ళు వాటంతటవే బయటికి పారిపోతాయి."

"పారిపోతే పోనీలే. గంజి మాత్రం గట్టిగా పెట్టు. పంచెను నిలబెడితే నిలబడాల."

ఉతికాను. అన్నం వార్చిన చిక్కటి గంజిలో, మెతుకులతో సహా, ముంచాను. పిండకుండా ఉండలా చుట్టి మిషన్లో ఒక పక్కన కుక్కాను. మిషన్ బిగించినతను నాకు చెప్పినవి రెండే మాటలు: బట్టలు చుట్టూ సమంగా పరవండి, మూత గట్టిగా వెయ్యండి. మూత గట్టిగా వేశాను.

మీట తిప్పితే కదల్లేదు.

"నీ బలం ఇంకా నిద్ర లేసినట్టు లేదే" అన్నాడు నాయన.

మూతను ఇంకాస్త అదిమాను. టిక్కుమంది. తిరిగింది. నేను విజయగర్వంతో పిల్లలకు అన్నం కలపడానికి కూర్చున్నాను.

లోపల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. మెతుకులు పోయి నీళ్ళ గొట్టానికి అడ్డం పడ్డాయి. గంజంతా పొంగి నున్నటి నల్లబండల మీద పరుచుకుంది. లోపల బరువంతా ఒక పక్కనే ఉండటంతో మిషన్ ఎగిరెగిరి పడుతూ, గంజి మీద జారుతూ బయలుదేరింది. మా స్నానాల గదికి గడప లేదు. ఉండుంటే ఈ కథ ఉండేది కాదు.

ముందు ఆరేళ్ళ లత కెవ్వుమంది. "అమ్మా, తమ్ముడి కోసమే వస్తాండాది! నేను తినేసినా!"

"తింటాండా! తింటాండా! దాన్ని పొమ్మను!" నోటి నిండా ముద్దతో గిరి.

"ఏందిమే ఇది, నడస్తాండాది!" నాయన లేచి నిలబడ్డాడు.

"పట్టుకో నాయనా!"

"యాడ పట్టుకునేది? దీనికి కొమ్ములుండాయా, తోకుండాదా?"

ఫిజిక్సు చదివిన నాకు ప్లగ్గు పీకాలని తోచిందా? లేదు. ఇద్దరినీ చంకనేసుకుని మంచమెక్కాను. నాయన రెండడుగులు ముందుకు వేసి, గంజిలో జారి, దభీమని కూర్చున్నాడు. ఆ జారడంలో కాలు వైరుకు తగులుకుని, ప్లగ్గు గోడలోంచి ఊడొచ్చింది. తడి నేల, ఆ వైరు తలచుకుని ఇప్పటికీ నేల తుడిచాకే ప్లగ్గు పెడతాను. మిషన్ చివరిగా ఒక్క ఎగురు ఎగిరి, గిరి కంచం ముందు ఆగింది.

అప్పుడే మా ఆయన ఇంటికొచ్చారు. గంజిలో మామగారు, మంచం మీద పెళ్ళాం బిడ్డలు, కంచం ముందు మిషన్. గొడుగు ముడుస్తూ అడిగారు: "దీనికింకా వడ్డించలేదా?"

నాయన నడుము విరగలేదని తేలాక మూత తీశాను. పంచె మెలికలు తిరిగి కొబ్బరికాయలా ముద్దయి ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఇంకెవరి పంచైనా బజారులో కొనివ్వచ్చు, చిన్నాయన ఇచ్చిన పంచెను ఎక్కడ కొనేది? చీపురుపుల్లతో గొట్టంలోని మెతుకులు తీశాను. గంజంతా పోయేదాకా పంచెను జాడించి, విప్పి, ఈసారి చుట్టూ సమంగా పరిచి వేశాను. ఉయ్యాల్లో పసిబిడ్డలా చప్పుడు లేకుండా తిరిగింది. మిగతా తడిని బొగ్గుల ఇస్త్రీపెట్టె చూసుకుంది.

"గంజి లేదు నాయనా. మెత్తగా ఉంది."

నాయన పంచెను చెంపకు ఆనించుకున్నాడు. "ఉండనీలేమ్మా. వాడు గూడా మెత్తనోడే."

పొద్దున నాయన ఆ పంచె కట్టుకుని ముందుగా కొండకు వెళ్ళాక, మేమూ బయలుదేరేలోపు పిల్లలకు ఇడ్లీలు పెట్టాను. గిరి స్నానాల గది వైపే చూస్తూ నమలకుండా మింగుతున్నాడు. ఏ తల్లికైనా పండగే. కానీ మింగుతుంటే ఆ చిన్న గొంతు కదలడం చూసి నా ప్రాణం విలవిల్లాడింది. ఇద్దరినీ దగ్గరికి లాక్కుని, చెయ్యి చాచి ప్రమాణం చేశాను: "ఈ రోజు నుంచి మన ఇంట్లో మిషన్‌కు బూచోడి ఉద్యోగం రద్దు. దాని పేరు చెప్పి ఒక్క ముద్ద కూడా తినిపించను. అమ్మ ఒట్టు."

"మరి నిన్న ఎందుకొచ్చిందీ?" అన్నాడు గిరి.

అపకేంద్ర బలం నాలుక చివరిదాకా వచ్చింది. వాడి ముఖం చూసి మింగేశాను.

"ఏం చేస్తుందిరా పాపం! రోజంతా చాకిరీ చేయించుకుని దానికి ఉత్త గంజి పోసినాను. మీరు అన్నం తింటా ఉంటే చూసి, నాకూ ఒక ముద్ద పెట్టమని వచ్చింది. ఇకమీదట దానికి నేనే పెడతాలే. మీరు మాత్రం దాని దగ్గరికి పోవద్దు!"