రెండు టీవీల నడిమి సందు

ఎమ్మిగనూరు జాతర గుడారంలో ఉన్నవి: ఇరవై అంగుళాల నలుపు తెలుపు టీవీలు రెండు. బొంబాయి నుంచి తెప్పించిన ఆట పెట్టె ఒకటి, దానికి వైర్లతో వేలాడే పిడులు రెండు. స్టెబిలైజరు, మీటరు, సోల్డరింగ్ ఐరన్, నల్ల టేపు. ఒక చెక్క బల్ల. ఉన్నవాళ్ళు: నేను, డిప్లొమా ముగించి ఆదోనిలో టీవీలు బాగుచేసే షాపులో రెండో ఏడు పనిచేస్తున్నవాణ్ణి, ఆ షాపు యజమాని అప్పుడప్పుడు; ఊరి జనం ఎప్పుడూ.

మా ఇల్లు ఎమ్మిగనూరులోనే. రోజూ పొద్దున ఆదోనికి బస్సు, సాయంత్రం మళ్ళీ బస్సు. పోయేటప్పుడు నిలబడి పోవడం, వచ్చేటప్పుడు పత్తి మిల్లుల నుంచి వచ్చేవాళ్ళ బట్టల దూది నా చొక్కాకు అంటుకోవడం. ఇరవై మూడేళ్ళకే నడుము నొప్పి మొదలైంది. జాతరకు ముందు యజమాని ఒక మాటన్నాడు.

"ఈ జాతర స్టాలు కడ వరకు నిలబడితే మీ ఊర్లోనే ఇంగో షాపు పెడ్తానప్పా. నువ్వే సూసుకుందువు."

అంటే నాకు బస్సు తప్పుతుంది. అప్పట్లో నేను కోరుకున్నది అంతే.

ఆట చాలా చిన్నది. తెరకు రెండు చివర్లా రెండు గీతలు, మధ్య తిరిగే ఒక చుక్క. పిడి తిప్పితే గీత పైకీ కిందికీ జరుగుతుంది. చుక్కను, అంటే బంతిని, అవతలికి కొట్టాలి. ఒక్క టీవీ మీద ఆడిస్తే ముందు వరుసకు తప్ప ఎవరికీ కనపడదని, రెండు టీవీలు పక్కపక్కన పెట్టి ఒకే మైదానంగా చేయమన్నాడు యజమాని. చేశాను. పటాన్ని అడ్డంగా రెండింతలకు దగ్గరగా సాగదీసి, ఎడమ సగం ఒక టీవీలో, కుడి సగం ఇంకో టీవీలో పడేట్టు జరిపాను. నడిమి ముక్క కొంచెం ఎందులోనూ పట్టలేదు.

నోటుబుక్కులో రెండు గళ్ళు గీశాను. లాభాలు: వెనక వరుసకూ కనపడుతుంది, ఆడేవాళ్ళిద్దరికీ ఎవరి తెర వాళ్ళది, మోచేతులు తగలవు. నష్టాలు: వెలుగు సగమైంది, ఒక తెర తెల్లగా, ఒకటి నీలంగా ఉంది, మెడ తిప్పి తిప్పి నొప్పి పుడుతుంది, కరెంటు తగ్గితే రెండు పటాలూ ఒకే కొలతలో కుంచించుకోవు. అన్నిటికన్నా పెద్దది సందు. ఆ టీవీలకు స్పీకరు, నాబులు తెరకు కుడి పక్కన ఉంటాయి. అందువల్ల ఎడమ తెరకూ కుడి తెరకూ మధ్య ఏడు అంగుళాల చెక్క. బంతి అక్కడికి పోయి మాయమై, కొంచెంసేపటికి అవతల తేలేది.

"యాడికి పోయిందప్పా బంతి?"

"సందులోకి పోయిండాది. ఉండు, వస్తాది."

చాలామంది కొట్టలేకపోయారు. చేనేత మగ్గాల వాళ్ళు మాత్రం కొట్టారు. వాళ్ళలో ఒక నడివయసు నేతగాడు రోజూ మధ్యాహ్నం మగ్గం దిగి వచ్చేవాడు. బంతి ఎదుటివాడి తెర దాటగానే కళ్ళు పక్కకు తిప్పేసి, పెదాలతో ఏదో లెక్కపెట్టి, పిడిని ఒక్క తిప్పు తిప్పేవాడు. బంతి వచ్చి గీతకు తగిలేది. ఎట్లా అని అడిగాను.

"మగ్గంలో నూలు మోసే నాడె దారాల కింద దూరి ఆ పక్కకు పోతాది గదప్పా. పోయేటప్పుడు దాన్ని సూస్తానా? ఆ పక్కకు ఎప్పుడు రావల్లనో సేతికి తెలుస్తాది."

ఆయన ఆట చూడడానికే జనం వచ్చేవారు. జాతర ముగిసే ముందురోజు నూరుమందికి పైగా ఆడారు. ఆ రోజే యజమాని వచ్చి, ముచ్చటపడి, ఆ నేతగాడితో ఆటకు కూర్చున్నాడు. తొమ్మిది బంతుల్లో ఒక్కటీ తగల్లేదు.

"అన్నా, మెడ పట్టేసిందేమో సూడు," అన్నారెవరో.

"ఆదోనోళ్ళు గుడ్డ అమ్మేటోళ్ళే గానీ నేసేటోళ్ళు గాదులేప్పా!"

గుడారమంతా నవ్వింది. యజమాని కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. బయటికి వచ్చి నాతో అన్నాడు, "రేపటికి ఆ సందు ఉండగూడదు."

సందు తీయడం నాకూ ఇష్టమే. అది నష్టాల గడిలో ఉంది. మరునాడు పొద్దున ఎడమ టీవీని తలకిందులుగా తిప్పి పెట్టాను. నాబుల పలక ఎడమ పక్కకు పోయింది. లోపల పిక్చరు ట్యూబు మెడ చుట్టూ ఉండే కాయిల్‌ను సగం చుట్టు తిప్పితే పటం నిటారుగా నిలబడింది. నడిమి ముక్కను కూడా తెరలోకి లాగాను. ఏడు అంగుళాల సందు రెండు అంగుళాలైంది. చేతికి ఒకసారి షాకు కొట్టింది. మధ్యాహ్నం దాకా అన్నం తినలేదు. ఇంత చక్కటి పని అంతకుముందు చేయలేదనుకున్నాను.

"టీవీ శీర్షాసనం ఏసిండాది రా!" అని నవ్వుతూ వచ్చారు జనం. నేతగాడు కూర్చున్నాడు. మొదటి బంతి పోయింది. రెండోది పోయింది. ఐదోదీ పోయింది. పిడి వదిలేసి నా వైపు తిరిగాడు.

"ఏంజేసినావప్పా?"

"సందు తీసేసినా. ఇప్పుడు బంతి బాగా కనపడ్తాంది గదా."

"కనపడ్తాంది. అదే తంటా. సూస్తాంటే సెయ్యి ఎనకబడ్తాంది." లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "పొద్దంతా మగ్గం మీద దారాలు సూసేదే పని. ఈడ గూడా సూస్తా కూసోవల్నా?"

ఆయన పోయాడు. ఆయన వెంట మగ్గాల వాళ్ళు పోయారు. వాళ్ళను చూడ్డానికి వచ్చినవాళ్ళు, మసక తెర మీద ఒక చుక్కను కొంతసేపు చూసి, రంగులరాట్నం వైపు పోయారు. నాకు అప్పుడు అర్థమైంది, సందును తప్పు గడిలో రాశానని.

"అన్నా, టీవీని మళ్ళా తిరగేస్తా. రెండు గంటల పని," అన్నాను యజమానితో.

"తిప్పిందాన్ని మళ్ళా తిప్పితే ఇంగా నవ్వుతారు. ఇడ్సిపెట్టు." ఖాళీ బల్లను చూశాడు. "ఈ ఊర్లో షాపు మాట ఇప్పుడొద్దులే. సోమారం ఆదోనికి వచ్చెయ్."

వైర్లు చుట్టి, ఎడమ టీవీని నిటారుగా నిలబెట్టి గుడ్డ కప్పాను. చివరిరోజు లెక్క నోటుబుక్కులో రాశాను. ఆడినవాళ్ళు పద్నాలుగు మంది.