చెయ్యి తిప్పి మైకు తాకే అత్త

అత్త పోయిందన్న కబురు నాకు బస్సులో అందింది. మారండహళ్ళిలో ఎక్కి ధర్మపురికి వస్తున్నాను, అత్త దగ్గరికే వస్తున్నాను. ఒళ్ళో సంచి, సంచిలో ఆమె తెమ్మన్న నల్ల టేపు. ముందు రోజు సాయంత్రమే ఫోను చేసి, "మైకు వైరుకు ఒకచోట పైతోలు చిట్లింది మే. అది చుట్టేదాకా నేను సెట్టు ముట్టను, ఎవురినీ ముట్టనీయను. మీ ఊరి అంగట్లో మంచి టేపు దొరుకుతాది, మరిచిపోకుండా తే" అని గట్టిగా చెప్పింది.

ఫోను చేసింది బావ, అత్త కొడుకు. "అమ్మ చచ్చిపోయింది మే" అన్నాడు. నేను "నిన్న సాయంత్రం టేపు తెమ్మనింది గదా బావా" అన్నాను. అతను మళ్ళీ అదే మాట చెప్పాడు. నేను మళ్ళీ టేపు సంగతే చెప్పాను. పక్క సీటులో కూర్చున్నావిడ నా ముఖం చూసి ఏమైందని తమిళంలో అడిగితే, సంచిలోంచి టేపు తీసి చూపించాను. పాపం, ఆమెకేం అర్థమవుతుంది? అయినా నా చెయ్యి పట్టుకుని ధర్మపురి బస్టాండు వచ్చేదాకా వదల్లేదు.

జబ్బు లేదు. జలుబు కూడా లేదు. పొద్దున వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ కోడలిని నీళ్ళు అడిగిందట. కోడలు చెంబుతో వచ్చేసరికి గోడకు ఒరిగి ఉందట. ఇది రాస్తున్నప్పటికీ నాకు నమ్మకం కుదరడం లేదు. ఏడుపు కంటే ముందు కోపం వస్తోంది. ఏ పనైనా ముందూ వెనకా చూసుకుని చేసే మనిషి, ఇంత పెద్ద పని ఇట్లా ఉన్నట్టుండి చేస్తుందా?

అత్త అంటే మా నాయనకు చెల్లెలు. తమిళనాడులో ఈ ధర్మపురి టౌనును ఆనుకునే ఉన్న సోగత్తూరులో మా తెలుగు కుటుంబాలకు ఒక భజన గుడి ఉంది. ఆ గుడి మైకు సెట్టు మాత్రం అత్త ఇంట్లో ఉండేది. ఆంప్లిఫయరును గోడకు తగలకుండా చెక్క బల్ల మీద పెట్టి, పైన పాత నూలు చీర కప్పేది. దాని మీద నీళ్ళ చెంబు పెట్టినవాళ్ళకు వీపు విమానం మోత మోగేది. ఉరుము వినిపిస్తే ముందు దాని ప్లగ్గు పీకి, తర్వాత ఆరేసిన బట్టలు తీసేది. బట్టలు తడిస్తే మళ్ళీ ఆరతాయి, ఇది తడిస్తే ఎట్లా అనేది. ఊళ్ళో ఆడవాళ్ళు కొంగున తాళంచెవులు ముడేసుకుంటే, అత్త కొంగు ముడిలో కరెంటు చూసే టెస్టరు ఉండేది.

సెట్టు వేసే ముందు సత్తం, అదే శబ్దం, పెంచి తగ్గించే మర సున్నాకు తిప్పేది. ఆపే ముందూ అంతే. ఎంత పెద్ద పెళ్ళైనా ఆ మర సగం దాటేది కాదు. కుర్రకారు వచ్చి ఇంకొంచెం పెంచమని బతిమాలితే, "సగం చాలు. మిగిలిన సగం మీ చెవులకు దాచి పెట్టుకోండి, ముసలితనంలో పనికొస్తాది" అనేది. ఏ ఇంట్లోనైనా పసిబిడ్డ ఉంటే లౌడ్‌స్పీకరు హారన్ మూతి అటు తిరిగేది కాదు. మైకు వైరును మోచేతికి బిగించి చుట్టేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. పూలదండ చుట్ట పెట్టినట్టు వదులుగా చుట్టాలి, లేకపోతే లోపలి తీగ తెగుతుందని చెప్పి, విప్పించి మళ్ళీ చుట్టించేది.

నా పెళ్ళిలో మా ఆయన మైకు అందుకుని, పనిచేస్తోందో లేదో చూద్దామని దాంట్లో ఫూ ఫూ అని ఊదాడు. అప్పటికి తాళి కట్టి గంట కూడా కాలేదు. అత్త పందిట్లోంచి కేకేసింది. "ఏమయ్యా అల్లుడా, ఊదేదానికి అది పొయ్యా? నీ తుప్పర్లు పోతే అది చెడిపోదా? మాట్లాడు, చాలు!" పందిరంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి మా ఆయన పొయ్యి ఊదాలన్నా ఒకసారి అటూ ఇటూ చూస్తాడని నేను ఇప్పటికీ ఏడిపిస్తుంటాను.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆమె చెయ్యి ఒక ఎత్తు. మైకును ఎవరికీ ఊరికే ఇచ్చేది కాదు. ముందు టెస్టరు పెట్టి చూసేది. ఆ తర్వాత చెయ్యి తిప్పి, వేళ్ళ వెనక వైపుతో ఒక్క క్షణం తాకేది, పిల్లకు జరం ఉందేమోనని నుదురు చూసినట్టు. అప్పుడు గాని ఇచ్చేది కాదు. తీసుకునేవాళ్ళు కూడా అట్లాగే తాకి తీసుకోవాలి. "చెయ్యి తిప్పి తాకు. అరచేత్తో పట్టుకుంటే కరెంటు నిన్ను పట్టుకుంటాది, వదలదు" అనేది. ఊరికి అది అలవాటైపోయింది. బడిలో జెండా పండగనాడు మాట్లాడే పిల్లలు కూడా మైకును ముందు చెయ్యి తిప్పి తాకుతారు. కొత్తగా వచ్చిన టీచరొకామె అది మా కులంలో ఏదో మొక్కు అనుకుంది. హోసూరులో పనిచేసే మా ఊరి పిల్లలు వైరు లేని మైకు కొనిచ్చినప్పుడు, అత్త దాన్నీ అట్లాగే తాకింది. "దీనికి వైరే లేదు గదా అత్తా" అంటే, "నీకు కనపడలేదు, అంతే" అంది.

ఈ జాగ్రత్త అంతా ఎక్కడ మొదలైందో మా ఊళ్ళో అందరికీ తెలుసు. మీకు చెప్పాలి.

నేను పుట్టక ముందు సంగతి. మా నాయన వయసులో ఉన్నప్పుడు భజన ముందుండి పాడేవాడట. ఆయన గొంతు హారన్‌లో లేస్తే పెద్దరోడ్డు మీద పోయే లారీలు ఆగేవని మా పెద్దవాళ్ళు చెబుతారు. లారీల సంగతి నాకు అనుమానమే గాని, గొంతు మాత్రం నిజం. ఒక మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, తెల్లవారుజామున గుడి ముందు కళ్ళాపి చల్లిన తడి ఆరలేదు. నాయన ఆ తడిలో వట్టికాళ్ళతో నిలబడి, ఇనుప స్టాండు మీదున్న మైకును అరచేత్తో పట్టుకున్నాడు. పాట ఆగిపోయింది. మనిషి కళ్ళు తేలేసి, ఒళ్ళంతా వణుకుతూ నిలబడిపోయాడు. జనం ఏమనుకున్నారో తెలుసా? సామి వచ్చిందనుకున్నారు. తాళాలు ఇంకా గట్టిగా కొట్టారు. ఎవరో కర్పూరం కూడా వెలిగించారు.

అప్పటికి లంగా ఓణీల్లో ఉన్న అత్త, గుడి పక్కన ప్రసాదానికి బియ్యం దంచుతోంది. అన్న గొంతు ఆగగానే తలెత్తి చూసింది. చేతిలోని రోకలితో పరుగెత్తుకొచ్చి స్టాండు మీద ఒకటేసింది. ఆ దెబ్బ స్టాండుతో పాటు నాయన మణికట్టుకు కూడా తగిలింది. మైకు ఎగిరి అవతల పడింది, నాయన ఇవతల పడ్డాడు. సామి వచ్చిన మనిషిని కొట్టిందని ముందు ఊరంతా ఆమె మీద పడింది. నాయన అరచేతిలో కాలిన బొబ్బలు చూశాక గాని నోళ్ళు మూతపడలేదు.

నాయన మణికట్టు ఇప్పటికీ కొంచెం వంకర. "కరెంటు కాల్చింది నెలకే మానింది పాపా, నీ రోకలి దెబ్బ మాత్రం వాన పడితే ఇంకా సలుపుతాది" అని అత్తను ఏడిపించేవాడు. చెల్లెలికి మనవళ్ళు పుట్టినా ఆయనకు ఆమె పాపే. అత్త కూడా తగ్గేది కాదు. "సలపనీ అన్నా. సలిపేదానికి చెయ్యి మిగిలింది గదా" అనేది.

ఆ రోజు తర్వాత నాయన మైకు ముట్టలేదు. భజనలో వెనక వరసలో కూర్చుని నోట్లో నోట్లో పాడేవాడు. ఆ సెట్టును గుడి వెనక పారేద్దామని ఊరు అనుకుంటే, అత్త అడ్డం పడి తన దగ్గర పెట్టుకుంది. తప్పు సామానుది కాదు, దాన్ని చూసుకోని మనది అందట. మూడు ముళ్ళ ప్లగ్గు పెట్టించింది. కరెంటు నేలలోకి దిగిపోయేట్టు పెరట్లో ఎర్తు గుంత తవ్వించి ఉప్పూ బొగ్గూ నింపించింది. ఎండాకాలంలో, కుళాయి రాని రోజుల్లో కూడా, ఆ గుంతలో ఒక చెంబు పోసేది. "మొక్క లేని పాదుకు నీళ్ళు పోస్తాది మా అమ్మ" అని బావ గొణిగేవాడు.

ప్రతి ఏడూ మార్గళి మొదటి రోజు ఇదే జరిగేది. సెట్టు వేసి, పొడి గోనె పరిచి, టెస్టరు పెట్టి, చెయ్యి తిప్పి తాకి, అత్త వెనక వరస వైపు తిరిగేది. "నేను చూసినాను అన్నా. పట్టుకో." నాయన వెంటనే దగ్గేవాడు. "గొంతు బాగలేదు పాపా, నువ్వే కానీ." ఏడాదంతా రాని దగ్గు ఆ ఒక్క పొద్దున వచ్చేది. అత్త మైకు ఇంకొకరికి ఇచ్చేది. ఒకసారి నాతో మాత్రం అంది: "మా అన్న ఒక్క తూరి దాన్ని పట్టుకుంటే చాలు మే. ఆ పొద్దే ఈ సెట్టు ఎవురికైనా ఇచ్చేసి, కాళ్ళు జాపుకొని కూర్చుంటాను." ఆమె తుడిచిన తుడుపు, పోసిన నీళ్ళు అన్నీ ఒక్క మనిషి భయం పోగొట్టడానికేనని నాకు అప్పుడు తెలిసింది.

ఆ రోజు నేను ఇల్లు చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. ముఖం మామూలుగానే ఉంది, ఇప్పుడే ఎవరినో తిట్టబోతున్నట్టు. నుదుటి మీద చెయ్యి వేశాను. వేశాక చూసుకుంటే చెయ్యి తిప్పి వేశాను. చల్లగా ఉంది. బస్సులో రాని ఏడుపు అప్పుడొచ్చింది. నాయన ఆమె కాళ్ళ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "రాత్రి నా ఇంటికొచ్చి మజ్జిగ తాగి పోయింది" అన్న మాట ఒక్కటే మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

భజన చేసే మనిషి పోతే ఎత్తే ముందు వాకిట్లో నామం పాడటం మా వాళ్ళ ఆచారం. మధ్యాహ్నం స్నానం చేయించారు. భజన వాళ్ళు వచ్చి నిలబడ్డారు. సెట్టు ఎవరు వేస్తారు? అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వైరు లేని మైకు బ్యాటరీలు అత్త ఎప్పట్లాగే తీసి ఎక్కడో దాచింది. బావ నా వైపు చూశాడు.

నేను లేచి ఆంప్లిఫయరు మీది ముసుగు చీర తీశాను. వైరు వేళ్ళతో తడుముతూ పోతే చిట్లిన చోటు దొరికింది. సంచిలోని టేపు తీసి బిగించి చుట్టాను. మర సున్నాకు తిప్పి ప్లగ్గు పెట్టాను. స్నానం నీళ్ళతో వాకిలంతా తడి, అందుకని గోనె తెచ్చి పరిచాను. కోడలు అత్త కొంగు ముడి విప్పి కిటికీలో పెట్టిన టెస్టరు తెచ్చిచ్చింది. మైకుకు పెట్టి చూస్తే టెస్టరు వెలగలేదు. చెయ్యి తిప్పి మైకు తాకాను. ఏమీ లేదు. భజన పెద్దకు ఇవ్వబోయాను.

నాయన కుర్చీలోంచి లేచాడు. వచ్చి గోనె మీద నిలబడ్డాడు. ఆ వంకర మణికట్టు తిప్పి, వేళ్ళ వెనక వైపుతో మైకు తాకాడు. ఒక క్షణం ఆగి, అరచేత్తో పట్టుకున్నాడు.

పాట రాలేదు. కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, ఒళ్ళంతా వణుకుతూ అట్లాగే నిలబడిపోయాడు. వాకిలి మొత్తం బిగుసుకుపోయింది. ఎవరో "ప్లగ్గు! ప్లగ్గు పీకండి!" అని అరిచారు. నేను అప్పటికే స్విచ్చి దగ్గరికి దూకాను. నాయన రెండో చెయ్యి పైకెత్తి వద్దన్నాడు. ఆ తర్వాత హారన్‌లో ఆయన గొంతు వినిపించింది. నేను పుట్టిన తర్వాత అది మొదటిసారి.

"పాపా, పట్టుకున్నాను."

నామం వేరేవాళ్ళు పాడారు. నాయన మైకు మాత్రం వదల్లేదు. పాట మధ్యలో ఆయన ఏడ్చే ఊపిరి హారన్ మీదుగా పొలాల దాకా పోయింది.

అత్తను ఎత్తారు. మాలో ఆడవాళ్ళు పాడె వెంట వీధి చివరి దాకే పోతారు. తిరిగొచ్చి నేను మర సున్నాకు తిప్పి సెట్టు ఆపాను, వైరు వదులుగా చుట్టాను. ఇదంతా రాసి మీకు చదివిస్తున్నాను గాని, అత్తకు తెలుగు చదవడం రాదు. బతికుంటే, మైకులో చదువు మే, వింటాను అని ఉండేది. సగం మించకుండా చదివి ఉండేదాన్ని.

ముసుగు చీర తీసుకుని ఆంప్లిఫయరు పక్కన కూర్చున్నాను. వేడి మీద ముసుగు వేస్తే ఎప్పుడూ తిట్టేది, చల్లారనీ అని. డప్పుల మోత దూరమై ఆగిపోయింది. చెయ్యి తిప్పి దాని మీద పెట్టి చూశాను. ఇంకా వెచ్చగానే ఉంది. చీర ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాను.