మామ కాలు, ఎనభై ఒక్క గళ్ళు

నా తెలివితక్కువతనం సంగతి నేనే ముందు చెప్పేస్తాను. మా మామకు వదిలేస్తే ఇంతకన్నా బాగా చెబుతాడు, అది నాకు ఇష్టం లేదు. నెల్లూరులో ఒక కోచింగ్ సెంటర్లో ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళకి రీజనింగ్ చెబుతాను. అంటే తర్కం. పదకొండేళ్ళుగా ఊరందరికీ తర్కం నేర్పుతూ, పేపర్లో 'అతి కఠినం' అని వచ్చే సుడోకుని మాత్రం ఊహతో పూరించేవాణ్ణి. ఒక గడిలో మూడో ఎనిమిదో తేలకపోతే మూడు వేసి ముందుకు పోయేవాణ్ణి. ఎక్కడో కింద రెండు మూళ్ళు ఎదురుపడితే వెనక్కి వచ్చి, చెరిపి, ఎనిమిది వేసేవాణ్ణి. కాగితం చిరిగేదాకా ఇదే వరస. చిరిగిన చోట నాకు కావలసిన అంకే ఉండిందని సరిపెట్టుకునేవాణ్ణి.

అట్లాంటి వాణ్ణి, గళ్ళ లుంగీ కట్టుకున్న మనిషికి గళ్ళు నేర్పడానికి బయల్దేరాను.

మామది మైపాడు పక్కన జాలర్ల పాళెం. నేను వరి పొలాల వైపు వాణ్ణి. సముద్రంలో మోకాలి లోతు దాటి దిగింది లేదు. మా పెళ్ళికి ఒప్పుకోవడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. సుడోకు ఒంటబట్టడానికి రెండు రోజులు పట్టింది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం నాకిప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఒక వేసవిలో, సముద్రంలో చేపల వేట నిషేధం మొదలు కావడానికి రెండు రోజుల ముందు, పడవలోంచి ఇంజను దించుతూ ఆయన జారి పడ్డాడు. చీలమండ పైన ఎముక విరిగింది. నెల్లూరులో ప్లేటు వేశారు. పది వారాలు ఆ కాలు నేలకు ఆనించకూడదన్నాడు డాక్టరు. ఆనిస్తే ప్లేటు కదులుతుంది, ఎముక వంకరగా అతుక్కుంటుంది, ఆపైన ఊగే పడవలో నిలబడడం అన్నది ఇక ఉండదు. పదో వారం చివర ఎక్స్‌రే తీసి ఏ సంగతీ చెబుతానన్నాడు.

మామ లెక్క వేరు. నిషేధం రెండు నెలలు. పడవలు ఒడ్డున ఉన్నన్నాళ్ళు తానూ ఒడ్డున ఉంటాడు. పడవ కదిలిన రోజు తానూ కదులుతాడు. డాక్టరు లెక్కకూ ఈ లెక్కకూ వారం రోజులు తేడా. ఆ వారం ఎట్లా గడుస్తుందా అని ఇంట్లో అందరం రెండు నెలల ముందు నుంచే గింజుకోవడం మొదలుపెట్టాం.

ఆ వేసవంతా నేనూ నా భార్యా పాళెంలో మామ ఇంట్లోనే ఉన్నాం, ఆయన్ని కాపలా కాసే పని నాకు పడింది. వేసవిలో నాకు మధ్యాహ్నం బ్యాచి ఒక్కటే. నా భార్య పొద్దున్నే ఉద్యోగానికి పోతుంది. అత్త మాట ఆయన వినడు, కూతురి మాట విన్నట్టు తల ఊపుతాడు. అల్లుడి ముందు మాత్రం కొంచెం బింకంగా ఉంటాడు కాబట్టి ఆ బింకమే రెండో కట్టు అని అందరూ కలిసి తేల్చారు. మధ్యాహ్నం మందు వేసుకుంటే ఎటూ నిద్రపోతాడు. పొద్దుటి పూటే ప్రమాదం.

కాలు కదపకుండా కాలం గడపడం ఆయన వల్ల కాలేదు. కట్టు కట్టిన కాలు ఎత్తుపీట మీద ఉంటే, బాగున్న కాలు నేలని తడుతూనే ఉండేది. పది నిమిషాలకొకసారి గాలి ఎటునుంచి వీస్తున్నదని అడిగేవాడు. నాకు తెలియదు. తెలుసుకుని వచ్చేసరికి కుర్చీ అంచుకు జరిగి ఉండేవాడు. ఆ తట్టుడు వినీ వినీ నా కాలు కూడా ఆడడం మొదలుపెట్టింది. నా చేతికి ఏదో ఒకటి కావాలి కాబట్టి పేపరు తీసి సుడోకు పట్టుకున్నాను.

"ఏంది అబ్బయ్యా, పొద్దున్నించి ఆ కాయితాన్ని గోకతా ఉండావు? దురదా?"

"అంకెల ఆట మామా. అడ్డంగా ఒకటి నుంచి తొమ్మిది, నిలువునా ఒకటి నుంచి తొమ్మిది, ఈ చిన్న పెట్టెలోనూ ఒకటి నుంచి తొమ్మిది. ఒకసారి వచ్చిన అంకె మళ్ళీ రాకూడదు."

"ఎన్ని రకాలుగా నింపచ్చు?"

"ఒకటే రకం. సరైన సుడోకుకి ఒకటే జవాబు."

"మరి నువ్వు నాలుగు రకాలుగా నింపతా ఉండావే."

ఎవరికీ అంకెకు రాని మనిషి అట్లా అంకెలకు వచ్చాడు. రెండు రోజులు నేను నేర్పాను. మూడో రోజు నా చేతిలోని పెన్ను తీసుకుని పక్కన పెట్టాడు. ఆయనకు చిన్న అక్షరాలు ఆనవు. పాత క్యాలెండరు కాగితం వెనక పెద్ద గళ్ళు గీయమన్నాడు. చేపలు పంపే థర్మాకోల్ పెట్టె మూత ఒడిలో పెట్టుకుని, దాని మీద ఆ కాగితాన్ని గుండుసూదులతో బిగించాడు. ప్రతి ఖాళీ గడిలోనూ అక్కడ కూర్చోగలిగిన అంకెలన్నీ పెన్సిలుతో నా చేత రాయించాడు. ఆ తరువాత వల అల్లే సూది తీసుకుని, కుదరదని తేలిన అంకెకల్లా ఒక చిల్లు పొడవడం మొదలుపెట్టాడు.

"చెరిపితే మళ్ళీ రాయబుద్ధవతాది," అన్నాడు. "చిల్లు పడితే పడినట్టే."

అంకె వేయడానికి ఆయన తొందరపడడు. నాకు అది పిచ్చిపనిలా కనిపించింది. గంట గడిచినా ఒక్క గడీ నిండలేదు, కాగితం నిండా చిల్లులు మాత్రం ఉన్నాయి.

"చినిగిన వలని యాడబడితే ఆడ కుట్టం అబ్బయ్యా. ముందు చుట్టూ కోసేస్తాం. చూసేవాడికి చిల్లు పెద్దది చేసినట్టే ఉంటాది. కోసుకుంటా పోతే మూడు దారప్కాళ్ళు మిగిలిన ముడి ఒకటి తగులుద్ది. ఆడ మొదలుపెట్టాల. నువ్వు నింపతా ఉండావు. నేను కోస్తా ఉండా. అంతే తేడా."

అంతే తేడా అని ఆయన సులువుగా అనేశాడు గాని, పదకొండేళ్ళ నా పాఠంలో లేని సంగతి అది. కఠినమైన సుడోకులో అంకె వేయడం ఆఖరి పని. దేన్ని వేయకూడదో తేల్చడమే అసలు పని. ఒక వరుసలో రెండు గళ్ళకు రెండు, ఏడు మాత్రమే మిగిలితే, ఆ రెండూ అక్కడే కూర్చుంటాయి. ఏది ఎక్కడో ఇంకా తెలియకపోయినా, ఆ వరుసలో మిగతా చోట్ల ఉన్న రెండుకూ ఏడుకూ చిల్లు పొడవచ్చు. ఇది నాకూ తెలుసు. ఆ తరువాతవే తెలియవు.

ఒక రోజు అయిదు మీద చూపు నిలిపాడు. పై వరుసలో అయిదుకు రెండే చోట్లు. కింద ఇంకో వరుసలోనూ రెండే చోట్లు. పైనవీ కిందవీ సరిగ్గా ఒకే రెండు నిలువు వరుసల్లో ఉన్నాయి. "నాలుగు గుంజలు," అన్నాడు. రెండు అయిదులూ ఆ నాలుగు గుంజల దగ్గరే ఎదురుమూలల్లో దిగుతాయి. ఎటు మూలగా అన్నది తరువాత సంగతి. ఈలోగా ఆ రెండు నిలువుల్లో ఇంకెక్కడా అయిదు బతకదు. నాలుగు చిల్లులు పడ్డాయి, దాంతో మొత్తం పజిలు కదిలింది.

ఇంకో రోజు మూడు, ఎనిమిది మిగిలిన గడి దగ్గర ఆగాడు. దాని వరుసలో ఒక గడికి మూడు, ఆరు. దాని నిలువులో ఒక గడికి ఎనిమిది, ఆరు. మొదటి గడి మూడైతే ఆ పక్కది ఆరవుతుంది. ఎనిమిదైతే ఈ కిందిది ఆరవుతుంది. ఎట్లా చూసినా రెండిట్లో ఒకటి ఆరు. కాబట్టి ఆ రెండిటికీ ఎదురుపడే గడిలో ఆరు ఉండదు. ఒక గుండుసూది నుంచి ఇంకో గుండుసూదికి నీలం నైలాన్ దారం లాగి నాకు చూపించాడు. నేను ఇంటర్నెట్‌లో వెతికితే దీనికి పెద్ద పేరే ఉంది. ఆ పేరు చెబితే, "పేరు పెట్టినోళ్ళు వల ఎరగరు," అన్నాడు.

నాకు కొంచెం గుచ్చుకున్న మాట నిజమే. అయితే అప్పటికి గుచ్చుకోవడం కన్నా భయం ఎక్కువైంది. పజిలు పూర్తి కాగానే ఆయన లేవబోతాడు. మొదట్లో ఒక 'అతి కఠినం' పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వచ్చేది. నెల తిరిగేసరికి గంటన్నరకు వచ్చింది. ఫోనులో వెతికి, ప్రపంచంలో ఎవరో మనుషులను ఏడిపించడానికే తయారుచేసిన పజిళ్ళు తెచ్చి క్యాలెండరు వెనక గీసేవాణ్ణి. వెతకడానికీ గీయడానికీ నాకు పట్టిన టైములో సగం కూడా ఆయనకు పట్టడం లేదు. ఇంట్లో క్యాలెండర్లు అయిపోయాయి. పక్కింటి గోడ మీది జూలై, ఆగస్టు కూడా అడిగి తెచ్చాను.

"ఇంకోటి లేదా అబ్బయ్యా?" అని అడిగేవాడు, బాగున్న కాలు ఆడిస్తూ. "బీయస్సీ చదివినావంట, నీ కాడ ఇంతేనా సరుకు?"

నిషేధం ఇంకో వారంలో ముగుస్తుందనగా ఆయన చేసిన పని నన్ను పూర్తిగా దెబ్బతీసింది. నాలుగు గళ్ళు నాలుగు మూలల్లా ఉన్నాయి, రెండు అడ్డ వరుసల్లో, రెండు నిలువుల్లో, రెండు పెట్టెల్లో. మూడు గళ్ళకు రెండు, ఏడు మాత్రమే మిగిలాయి. నాలుగోదానికి రెండు, ఏడు, నాలుగు. సూది తీసుకుని నాలుగో గడిలో రెండుకూ ఏడుకూ చిల్లు పొడిచేశాడు.

"అదెట్లా మామా? దానికి కారణం లేదే."

"ఒకటే జవాబు అన్నావా లేదా? ఇది నాలుగు కాకుంటే నాలుగు మూలలా రెండు, ఏడే మిగలతాయి. అప్పుడు అటు రెండు ఇటు ఏడు వేసినా సరే, తిప్పి వేసినా సరే. రెండు జవాబులు అవతాయి. నీ మాట తప్పవతాది గదా. నీ మాట మీద నమ్మకంతోనే పొడిచినా."

సరిచూస్తే నాలుగే. ఆ మధ్యాహ్నం బ్యాచికి నేను ఏం చెప్పానో గుర్తు లేదు.

పడవలు కదిలే రోజు దగ్గర పడేకొద్దీ పాళెం అంతా అదొక రకం సందడి. ఇంజన్లు బిగిస్తున్నారు, వలలు ఎక్కిస్తున్నారు. మామ కుర్చీ రోజుకొక అడుగు గుమ్మం వైపు జరుగుతున్నది. బావమరిదితో ఆయన గొంతు తగ్గించి మాట్లాడడం విన్నాను.

"కుర్చీతో సహా ఎత్తి పడవలో పెట్టండ్రా. కాలు కింద పెట్టేది లేదు గదా, డాక్టరు చెప్పింది అదేగా."

"అల ఎత్తేస్తే ఏం చేస్తావు నాయనా?"

"ముప్పై ఏండ్లనించి ఎత్తతా ఉండాది. పొద్దున ఎనిమిదిన్నరకి టైము బాగుండాది, రండి."

బావమరిది నా దగ్గరికి వచ్చి, "నా నోటితో కాదనలేను బావా. పిలవమన్నాడు, పిలస్తా. రాకుండా చూసేది నువ్వే," అని తేల్చేసి పోయాడు.

ఆ రోజు నెల్లూరు బస్సులో కూర్చుని కిటికీ కమ్మీ మీద వేళ్ళతో తాళం వేస్తూ ఆలోచించాను. ఆయనకు ఏ పజిలూ చాలదు. ఆయన చేతికి తెగని పజిలు కావాలి. బ్యాగులో ఒక ఇంగ్లీషు పేపరు ఉంది. అందులో 'అతి కఠినం' ఉంది, దాని జవాబూ నా ఫోనులో ఉంది. జవాబులో అట్లాంటి నాలుగు మూలలు వెతికాను. ఒక చోట దొరికాయి, మూడు, తొమ్మిది ఎదురెదురుగా. నాలుగింటిలో ఒక తొమ్మిదిని మాత్రం పేపరువాళ్ళు ముందే అచ్చు వేసి ఇచ్చారు. ఆ ఒక్క తొమ్మిది లేకపోతే పజిలుకి రెండు జవాబులు. బస్టాండు దగ్గర వైట్‌నర్ కొని ఆ తొమ్మిదిని పూడ్చాను. పూడ్చిన మచ్చ ఆయన కంట పడుతుందని జిరాక్స్ తీయించాను, అది కూడా రెండింతలు పెద్దదిగా. పరీక్షలో కాపీ కొట్టే పిల్లల్ని ఎన్నిసార్లు తిట్టానో ఆ క్షణంలో గుర్తు రాకుండా జాగ్రత్త పడ్డాను.

పడవలు కదిలే రోజు పొద్దున ఆరున్నరకే స్నానం చేసి, చొక్కా వేసుకుని, కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు. కాగితం ఒడిలో పెట్టాను.

"ఇప్పుడెందుకు?"

"మీకు రాదని తెలుసు మామా. ఊరికే చూస్తారని."

సూది అడిగాడు. ఏడున్నరకు దారం లాగడం మొదలైంది. ఎనిమిదికి నాలుగు మూలలు ఆయన కంటబడ్డాయి. మూడింటిలో మూడు, తొమ్మిది. నాలుగోదానిలో ఒక అయిదు అదనంగా ఉంది. నవ్వాడు. నా వైపు చూసి మరీ మూడుకూ తొమ్మిదికీ చిల్లు పొడిచాడు. పావుగంట తరువాత ఒకే పెట్టెలో రెండు అయిదులు ఎదురుపడ్డాయి.

ఇన్నాళ్ళలో ఆయన ముఖం అట్లా కావడం నేను చూడలేదు. గుండుసూదులు పీకి, "ఇంకో కాయితం," అన్నాడు. అయిదు జిరాక్సులు తీయించి ఉంచాను. మళ్ళీ అంకెలన్నీ రాశాను. బయట మనుషుల కేకలు, కొబ్బరికాయలు కొట్టిన చప్పుడు.

"నాయనా, వస్తుండావా?" గుమ్మంలోంచి బావమరిది గొంతు.

"గమ్మునుండరా. యాడో ఒక పొరపాటు పొడిచినా."

"టైమవతా ఉండాది."

"అయితే పోండి. నేను లేకుండా తెలీదా మీకు సముద్రం యాడుండాదో?"

బావమరిది నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఇంజన్లు ఒకటొకటిగా అందుకుని, దూరమయ్యాయి. మామ తల ఎత్తలేదు. బాగున్న కాలు ఆడడం ఆగిపోయి చాలాసేపైందని అప్పుడు గమనించాను.

తొమ్మిదిన్నరకు సూది కింద పెట్టాడు. మిగతా గళ్ళన్నీ నిండాయి. ఆ నాలుగు మూలలే మిగిలాయి.

"ఇట్టా వేసినా కుదరతా ఉండాది. తిప్పి వేసినా కుదరతా ఉండాది. ఒకటే గదా జవాబు? నేను ఏదో వదిలేసినా. ఏది సరి అబ్బయ్యా?"

రెండు నెలల్లో ఆయన నన్ను జవాబు అడగడం అదే మొదటిసారి. గాలి సంగతి లెక్కలోకి రాదు.

"నాకూ తెలియదు మామా. జవాబు రేపటి పేపర్లో వేస్తారంట. నెల్లూరు నుంచి తెస్తాను. ఈలోగా మీరు చూస్తా ఉండండి."

ఆ పేపరు తేవడం నేను వరసగా ఆరు రోజులు మరిచిపోయాను. ఏడో రోజు ఎక్స్‌రే.