గులాబీ రాణి మొలతాడు

ప్రొద్దుటూరులో మాది వెండి అంగడి. అంగట్లో పట్టీలు, కుంకుమ భరిణెలు అమ్ముతాను. ఫోనులో మాత్రం ఇంగ్లండు పాత నాణేలు కొని అమ్ముతాను. యంత్రాలు రాకముందు వెండి బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టి చేసినవి. ఒకదాని అంచు వంకర, ఇంకొకదానిలో రాజుగారి ముక్కు పక్కకు పోయి ఉంటుంది. ఏ రెండూ ఒకేలా ఉండవు. అందుకే నాకు వాటి మీద అంత పిచ్చి.

ఈ పిచ్చిని జమ్మలమడుగులో బట్టల కొట్టు నడిపే మా బావకు అంటించింది నేనే. నాణెం ఎలా చూడాలో, వేలం ఎలా పాడాలో అన్నీ చెప్పాను. నేర్చుకుని నా నెత్తికే ఎక్కాడు. నేను ఏళ్ళ తరబడి వెతికిన నాణెం ఒకటుంది. రాణి తల వెనక చిన్న గులాబీ, రేకులు కూడా అరగలేదు. అది ఒకరోజు ఆన్‌లైన్ వేలానికి వచ్చింది. నేను ఎంత పాడినా ఎవడో నా మీద పాడుతూనే పోయాడు. చివరికి చేతులెత్తేశాను. కాసేపటికి ఫోను మోగింది.

"బామ్మర్దీ, గులాబీ రాణి నాకే పడిందప్పా! ఎవడో ఎర్రోడు శానాసేపు ఎగబడినాడు."

ఆ ఎర్రోణ్ణి నేనేనని చెప్పలేదు. "మంచిది బావా" అన్నాను. ఆ తర్వాత అక్కను చూడటానికి వెళ్ళినప్పుడల్లా బావ ఆ నాణెం తెచ్చి చూపేవాడు. వంక పెట్టడానికి ఒక్క గీతైనా దొరకదా అని భూతద్దంతో వెతికేవాణ్ణి. దొరికేది కాదు. కడుపు మండిపోయేది.

మావైపు పసిపిల్లల మొలతాడుకు పాత వెండి నాణెం కడతారు. దిష్టి తగలదని నమ్మకం. నాణేనికి చిన్న రింగు టంకంతో అతికించివ్వడం మా అంగడికి మామూలు పనే. ఒకరోజు బావ వచ్చి గులాబీ రాణిని నా ముందు పెట్టాడు.

"పులివెందల్లో మనవరాలికి మొలతాడు కట్టాల. దీనికి రింగు పెట్టించు."

టంకం పడినా, తోమినా నాణేలు పోగుచేసేవాళ్ళు దాన్ని ముట్టుకోరు. ఆ సంగతి అతనికి నేర్పిందీ నేనే.

"ఏంది బావా, మతుండే మాట్లాడతాండావా? పిల్లకు బంగారు మొలతాడే చేపిస్తా. ఇది నాకియ్యి."

"నీకెందుకప్పా? డబ్బీలో పెట్టి మూస్తావు. పిల్ల కడుపులో ఉన్నప్పుడే దానికోసరమని కొన్న్యా."

అంటే వేలంలో నన్ను ఓడించింది అప్పటికింకా పుట్టని పిల్ల. అంగట్లో టంకం పని చేసే మా ఆచారి నా ముఖం చూశాడు. నేను తలూపి రోడ్డు వైపు తిరిగాను. అతను రింగు అతికించి, అలవాటు కొద్దీ రాణిని తళతళలాడేలా తోమి మరీ ఇచ్చాడు. ఇక అది ఏ వేలానికీ పనికిరాదు. నా మంట అక్కడితో చల్లారాలి. చల్లారలేదు.

పిల్ల మొదటి పుట్టినరోజుకు పులివెందుల వెళ్ళాను. మా అక్క కూతురు బిడ్డను తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. గౌను కింద నుంచి నాణెం వేలాడుతోంది. నా దగ్గరున్న నాణేలను నేను అంచులు పట్టుకునే ఎత్తుతాను, వేలి చెమట తగలనివ్వను. ఆ రోజు మాత్రం గులాబీ మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా రుద్దాను. పిల్ల ఒంటి వేడికి వెచ్చగా ఉంది. ఇంతలో పిల్ల నా వేళ్ళు తోసేసి, నాణేన్ని గుంజుకుని పిడికిట్లో బిగించింది.

"ఇయ్యదులే మామా, ఎవురికీ ఇయ్యదు" అని నవ్వింది మా అక్క కూతురు.

నేనూ నవ్వాను. అందరూ ముద్దులాడుతున్న ఆ పిల్లను చూసి కుళ్ళుకుంటున్నవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే.