పట్టీ గీకిన తుపాకి

మధ్యాహ్నం మూడింటికి లారీ మమ్మల్ని భద్రాచలం అవతల అడవి మొదట్ల దింపింది. ఎనభైలల్ల మాట, మార్చి నెల. టేకాకు రాలిపోయి నీడనేది లేదు. క్యాంపంటే రెండు గుడారాలు, ఒక రేకుల షెడ్డు, చుట్టూ ముళ్ళకంప. పటాలం అని ఇంటికి ఉత్తరం రాసిన గానీ, వంటాయనను కలుపుకున్నా పన్నెండు మందిమి. మాతోని యుద్ధానికి దిగింది ముందుగాల ఈగలే.

నన్ను ఆర్మరర్ చేతికింద సాయానికి వేసిండ్రు. తుపాకులు బాగుచేసుడు ఆయన పని. మావి పాత త్రీ నాట్ త్రీలు, బోల్టు లాగి కొట్టేటివి, మా నాయిన కంటే వయసుల పెద్దవి. కొన్నిటి గొట్టంల సన్నగొట్టం దూర్చి, చిన్న పాయింట్ టూ టూ తూటా పేలేటట్టు ఆయన మార్చేటోడు. కొత్త పోరగాళ్ళకు గురి నేర్పేందుకు. తూటా చవక, చప్పుడు తక్కువ. దీంతోని కొడితే పిట్ట కేసు పెడ్తదేమో అన్న. ఆయన నవ్వలె.

"బయటికి మార్చినది, అసలుది రెండూ ఒక్క తీరే ఉంటయ్‌రా. గది యాదికుంచుకో."

అందుకే మార్చిన ప్రతి తుపాకి వెనక కట్టెకు పసుపు రంగు పట్టీ వేసేటోడు.

పెద్దాఫీసర్ వస్తున్నడని వైర్‌లెస్‌ల కబురొచ్చింది. హవల్దార్ రాళ్ళకు సున్నం వేయించిండు, చెట్లకు వేయించిండు. నిలబడితే నాకూ వేస్తరని నేను అటూ ఇటూ తిరిగిన. ఆఖరికి తుపాకుల కాడికొచ్చిండు.

"ఏంది ఈ పట్టీలు? అన్నీ ఒక్క తీరు కనవడాలె. గీకుండ్రి."

"గీకితే ఏది ఏదో తెల్వదు సార్" అన్నడు ఆర్మరర్.

"నీకు తెల్వదా?"

"నాకు తెలుస్తది. నేను లేనప్పుడు ఎవడన్న ఎత్తుకపోతే?"

"సారు పోయినంక మళ్ళ వేసుకో. జల్దీ."

గీకినం. ఆఫీసర్ వచ్చిండు, చాయ్ తాగిండు, తుపాకుల దిక్కే చూడలె. డబ్బాల రంగు గట్టిపడ్డది. కొత్తది తెస్తనని ఆర్మరర్ ఖమ్మం బస్సెక్కిండు.

మర్నాడు పొద్దున ఆరింటికి పక్క గూడెం కోయ మనిషి ఒకాయన గొడ్డలితోని ఉరికొచ్చిండు. భార్య ఇప్పపూలు ఏరుతుంటే ఎలుగుబంటి మీద పడ్డదట. క్యాంపుల తుపాకులు ఖాళీగ ఉండాలని రూలు. చేతికందిన తుపాకి తీసుకుని, పెద్ద తూటాలు జేబుల పోసుకుని ఆయన వెంట ఉరికిన. హవల్దార్ ఇంకో తుపాకితో వెనక.

వాగు ఒడ్డున, ఇప్పచెట్టు కింద, ఎలుగు ఇంక ఆమె మీదనే ఉన్నది. ఇరవై అడుగుల దూరం. బోల్టు లాగి తూటా గొట్టంలకి నూకిన. పోలె. ఇంకోటి పెట్టిన. పోలె. మూడోదానికి జేబు గుంజితే ఉన్నయన్నీ కింద పడ్డయి.

"కొట్టురా, కొట్టు" హవల్దార్ వెనకనుంచి.

"మార్చినది సార్ ఇది."

ఆమె మొగుడు ఆగలె. గొడ్డలెత్తి ఎలుగు మీదికి పోయిండు. హవల్దార్ చేతిలది అసలు తుపాకే. ఆయన దగ్గరికొచ్చి గాలిల పేల్చినంక ఎలుగు వాగు దాటి పోయింది.

జీపుల భద్రాచలం దవాఖానాకు తీసుకపోయినం. ఆమె బతికింది. ఒక కన్ను పోయింది. రిపోర్టుల తప్పంతా ఎలుగుదే. అది సంతకం పెట్టే పని లేకుండె.

వానలు మొదలైనంక డ్యూటీ అయిపోయి మా ఊరు ఎర్రుపాలెం వచ్చిన. చాయ్ దుకాణంల దోస్తులు చుట్టుముట్టిండ్రు.

"ఎన్ని తూటాలు కొట్టినవ్‌రా?"

"ఒక్కటి గూడ లోపలికి పోలె" అన్న. అందరు నవ్విండ్రు. నేనేమన్నా నవ్వుతరు, అలవాటు.

ఆ పొద్దున జీపు వచ్చేదాక ఆ కోయ మనిషి భార్య తల ఒడిల పెట్టుకుని కూసున్నడు. ఒక చేత్తోని తువ్వాల ఆమె ముఖానికి అదిమి పట్టిండు. ఇంకో చేత్తోని, రాలిన ఇప్పపూల నడుమ పడ్డ నా తూటాలు ఏరిండు. ఒక్కోదాని మట్టి తన పంచెకు తుడిచి, నా దోసిట్ల పోసిండు.

"మీయి పడ్డయి సారూ" అన్నడు.